పదో ప్రయత్నం

బందరు,
27 జనవరి 2025.

పూజ్యులైన వదిన గారికి,

ప్రసన్న నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇప్పుడు మేము అనడానికి ఎవరూ లేరు కాబట్టి ఆ వాక్యం వదిలేస్తున్నాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటి అనుకుంటారు. ఫోన్ చేస్తే ఇద్దరం ఏడ్చి పెట్టేస్తున్నాం, అసలు విషయం దగ్గరికి రావడం లేదు. ఇంకో కారణం మీ తమ్ముడి నియమం. పాస్‌ఫ్రేజ్ అనేది ఫోన్‌లో చెప్పకూడదు, వాట్సాప్‌లో అసలు రాయకూడదు, తప్పనిసరి అయితే కాగితం మీద రాసి, చదివాక చింపెయ్యాలి అని అన్నం తింటూ కూడా పాఠం చెప్పేవారు. మీరూ ఎన్నోసార్లు విన్నారు.

లాప్‌టాప్‌లో నా పేరుతో ఒక ఫైలు కనిపించింది. "ప్రసన్న" అని ఉంది, అంతే. నొక్కితే నల్లటి స్క్రీన్ వచ్చి పాస్‌ఫ్రేజ్ అడుగుతోంది. పాస్‌వర్డ్‌లా ఒక మాట కాదు, ఐదారు మాటల వాక్యం కావాలట. గుడివాడలో ఉండే భానుప్రకాష్‌కి ఫోన్ చేశాను. ఆయన ఆఫీసులోనే పనిచేస్తాడు, పెళ్ళిలో మీకు పరిచయం చేశారు. పదిసార్లు తప్పు వాక్యం కొడితే ఫైలు తనంతట తాను చెరిగిపోతుందని చెప్పాడు. ఆ ఏర్పాటు సరిగ్గా పనిచేస్తోందో లేదో రోజంతా తప్పు వాక్యాలు కొట్టి చూడడమే మీ తమ్ముడి ఉద్యోగం. ఇంట్లో వస్తువుకి కూడా అదే తాళం వేశారు.

నేను రెండుసార్లు కొట్టాను. రెండూ తప్పే. ఎనిమిది మిగిలాయి.

మీరు ఆయన్ని ఎత్తుకుని పెంచారు. ఏ వాక్యం పెట్టుకుని ఉంటారో మీకు తట్టవచ్చు. నా పేరుతో ఉందంటే నాకేదో చెప్పాలనే కదండీ. అది తెలిస్తే నాకు నిద్ర పడుతుంది. ఆ రోజు పులిగడ్డ ఎందుకు వెళ్ళారో కూడా తెలుస్తుందేమో. విజయవాడ అని చెప్పి బయల్దేరిన మనిషి ఆ కాలవ దగ్గర ఎందుకు దిగారు? పోలీసులు కాలుజారి నీళ్ళలో పడ్డారని రాసుకున్నారు. నేను ఏమీ రాసుకోలేకుండా ఉన్నాను.

అన్నయ్య గారికి నమస్కారాలు. భార్గవిని అడిగానని చెప్పండి.

మీ
ప్రసన్న

—

అవనిగడ్డ,
8 ఫిబ్రవరి 2025.

చి॥ ప్రసన్నకు,

ఆశీస్సులు. పైన పేరు రాసేటప్పుడు చెయ్యి అలవాటుగా ల॥ సౌ॥ అని ఇంకో రెండు అక్షరాలు వేసింది. ఆ కాగితం చింపేసి మళ్ళీ మొదలుపెట్టాను. పదమూడేళ్ళు నీకు అలాగే రాశాను కదా, చేతికి ఇంకా తెలియలేదు.

బడిలో పదో తరగతి వాళ్ళకి స్పెషల్ క్లాసులు నడుస్తున్నాయి. లెక్కల టీచర్నయిన పాపానికి పొద్దున ఏడింటికే వెళ్తున్నాను. అందుకే జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు.

వాక్యం సంగతి నాకేం తెలుసమ్మా. ఆ కంప్యూటర్ గొడవలు నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. వాడు చెప్పేవాడు, నేను ఊఁ కొట్టేదాన్ని. అయినా అడిగావు కాబట్టి రెండు రాస్తున్నాను. మా నాన్నగారి పూర్తి పేరు, పక్కన ఆయన కలెక్టరాఫీసులో రిటైరైన సంవత్సరం. అది కాకపోతే వాడు చదివిన కాలేజీ పేరు, పాసైన సంవత్సరం.

పులిగడ్డ అంటావా, మోపిదేవి స్వామి దర్శనానికి వచ్చి అటు వెళ్ళాడేమో. మనసు బాగోలేనప్పుడు గుడికి వెళ్ళడం వాడికి ఉన్నదే.

ఒక మాట చెప్తాను, పెద్దదాన్ని కాబట్టి. పోయినవాడి పెట్టెలు తెరిచి ఏం బావుకుంటావు? అందులో ఆఫీసు కాగితాలే ఉంటాయి. తొమ్మిదింటికల్లా ఇంత తిను. నువ్వు మరీ నీరసించిపోయావని నెల మాసికానికి వచ్చినప్పుడే అనుకున్నాను.

మా భార్గవి సంబంధం ముదినేపల్లి వాళ్ళతో కుదరలేదు. ఇంట్లో మరణం జరిగింది, ఏడాది ఆగాలన్నాం, వాళ్ళు ఆగలేదు. పోనీలే.

నీ
వదిన

—

బందరు,
1 మార్చి 2025.

వదిన గారికి,

మీరు పంపిన రెండూ తప్పే. ఆరు మిగిలాయి.

మొన్న గుడివాడ వెళ్ళి భానుప్రకాష్‌ని ఇంట్లోనే పట్టుకున్నాను. ఫోన్‌లో ఏదో నసుగుతున్నాడని అనుమానం వచ్చింది. ఎదురుగా కూర్చుంటే చెప్పాడు. మీ తమ్ముడికి ఉద్యోగం లేదండీ. జూలై ఎనిమిదిన తీసేశారు.

నాకు అర్థమైనట్టు రాస్తాను. సాఫ్ట్‌వేర్‌కి వందల పరీక్షలు వరసగా వాటంతట అవే నడవాలట. కానీ ప్రతి పరీక్షా మధ్యలో ఆగి పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. మనిషి కూర్చుని కొడుతూ ఉండలేడు. అందుకని ఒక ఉత్తుత్తి వాక్యం ఫైల్లో రాసిపెడతారు, అడిగినప్పుడల్లా సాఫ్ట్‌వేరే అందులోంచి తీసుకుంటుంది. జూన్‌లో ఒక శుక్రవారం, హడావిడిలో, ఈయన ఉత్తుత్తిది బదులు ఆఫీసు అసలు తాళం వాక్యం రాశారు. సోమవారం మార్చేద్దామనుకుని మర్చిపోయారు. కొత్త వెర్షన్‌తో పాటు అది కూడా కస్టమర్లందరికీ వెళ్ళిపోయింది. ఊళ్ళో అందరికీ పాఠం చెప్పిన మనిషి చేసిన తప్పు అది.

జూలై నుంచి నవంబరు దాకా, వదిన గారూ, రోజూ తొమ్మిదింటికి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంటి నుంచే పని అంటూ ఆ బల్ల ముందు కూర్చునేవారు. నల్ల స్క్రీన్ మీద ఏదో కొడుతూనే ఉండేవారు. కింద ఇంటివాళ్ళు కవరింగ్ గాజులు తీర్చే చప్పుడు ఎక్కువైతే కిటికీ వేసి వచ్చేదాన్ని, పనికి అడ్డమని. మధ్యాహ్నం మీటింగ్ ఉందంటే మిక్సీ కూడా వేసేదాన్ని కాదు. నా ముందు నాలుగు నెలలు అలా కూర్చున్నారు.

ఇప్పుడు మీతో తప్ప ఎవరితోనూ చెప్పలేనిది రాస్తున్నాను. ముందు రోజు రాత్రి నేను తిట్టాను. పిలిస్తే పలకలేదని. "ఆ స్క్రీన్ తప్ప మీకు ఎవరూ అక్కర్లేదు, నేనుంటే ఎంత లేకపోతే ఎంత" అన్నాను. పొద్దున్నే విజయవాడ ఆఫీసులో మీటింగ్ అన్నారు. క్యారేజీ కట్టిచ్చాను. గుమ్మం దగ్గర నా ముఖం వైపు చూశారు, నేను కోపంగానే ఉన్నాను. ఆ క్యారేజీ కూడా దొరకలేదు.

నా మాట వల్లే పోయారా అన్నది నాకు తెలియాలి. అవును అని రాసి ఉంటే అవుననే తెలియనివ్వండి. తెలియకుండా బతకడం నావల్ల కావడం లేదు. ఆలోచించి పంపండి.

ప్రసన్న

—

అవనిగడ్డ,
16 మార్చి 2025.

చి॥ ప్రసన్నకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు బడికి వెళ్ళలేదు. జ్వరమని చెప్పాను.

నీ మాట వల్ల కాదు తల్లీ. ఒట్టేసి చెప్తున్నాను. మొగుడూ పెళ్ళాం అన్నాక ఆ మాత్రం అనుకోరా? నేను మీ అన్నయ్యని రోజుకి నాలుగుసార్లు అంటాను. నీ మీద కోపమే ఉంటే నువ్వు కలిపిచ్చిన పులిహోర పట్టుకుని వెళ్తాడా? వాడికి నువ్వంటే ప్రాణం. ఉద్యోగం పోయిన సిగ్గు వాణ్ణి తినేసింది, అంతే. మగవాళ్ళకి అది చాలా పెద్ద దెబ్బ. నిన్ను నువ్వు హింసించుకోకు. నా మాట నమ్ము.

ఆ ఫైలు సంగతి ఇంక వదిలెయ్యమనే నా సలహా. నీ మనసు అందులో ఇరుక్కుపోయింది. వదలనంటే ఇంకో మూడు రాస్తున్నాను. వాడి పుట్టినరోజు, తారీకు నెల సంవత్సరం అక్షరాల్లో. భార్గవి పూర్తి పేరు, దాని పుట్టినరోజు. మీ పెళ్ళిరోజు, పక్కన మీ ఇద్దరి పేర్లు.

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం బయటికి వెళ్ళకు.

నీ
వదిన

—

గుడివాడ,
20 ఏప్రిల్ 2025.

వదిన గారికి,

బందరులో చిలకలపూడి ఇల్లు ఖాళీ చేశాను. ఇక్కడ మా పిన్ని అమ్మాజీ దగ్గర ఉంటున్నాను. అడ్రసు వెనక రాశాను.

మీరు పంపిన మూడూ తప్పే. నేను ఇంకో రెండు కొట్టాను, అవీ తప్పే. ఒక్కటి మిగిలింది.

ఇక నేను సొంతంగా కొట్టను. మీరు ఏది రాసి పంపితే అది కొడతాను. తప్పయితే పోతుంది. మీరు పంపకపోయినా ఎవరినీ ఏమీ అనను.

ప్రసన్న

—

అవనిగడ్డ,
14 మే 2025.

ప్రసన్నా,

ఈ ఉత్తరం ఇప్పటికి నాలుగుసార్లు రాసి చింపాను. ఈసారి చింపకుండా పోస్టులో వేస్తాను.

ఆ రోజు వాడు మా ఇంటికి వచ్చాడు.

గురువారం, పన్నెండు దాటాక. అదే సమయానికి ముదినేపల్లి నుంచి పెళ్ళివారు వచ్చి హాల్లో కూర్చున్నారు. భార్గవి చీర కట్టుకుంటోంది, నేను వంటింట్లో ఉన్నాను. గేటు దగ్గర వాడు కనిపించాడు. గడ్డం గీసుకోలేదు, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. తమ్ముడు వచ్చాడన్న సంతోషం నాకు కలగలేదు ప్రసన్నా. వీళ్ళ ముందు ఈ అవతారంతో ఇప్పుడే రావాలా అనిపించింది. సందులోంచి తిప్పి పెరటి అరుగు మీదకి తీసుకెళ్ళాను. మాట పైకి రానివ్వకు అన్నాను.

అక్కడ కూర్చుని అంతా చెప్పాడు. ఉద్యోగం పోయిన సంగతి, నాలుగు నెలలు నటించిన సంగతి. "ప్రసన్నకి నోటితో చెప్పలేకపోతున్నానక్కా, అంతా ఒక ఫైల్లో రాసి దాని పేరే పెట్టాను. నువ్వు వచ్చి పక్కన ఉండు, నీ ముందు తెరిచి చూపిస్తాను" అన్నాడు. పాస్‌ఫ్రేజ్ కూడా చెప్పాడు. "నీ మాటే పెట్టుకున్నానక్కా" అన్నాడు.

లోపల్నుంచి మీ అన్నయ్య పిలుస్తున్నారు. నేను ఏమన్నానో నీకు చెప్పాలి. "మీ మొగుడూ పెళ్ళాల మధ్యకి నేను రాను, నువ్వే చెప్పుకో. మేనమామకి ఉద్యోగం పోయిందని వీళ్ళకి ఇప్పుడే తెలియాలా. నాలుగు గంటల బస్సుంది, దానికి వెళ్ళు" అన్నాను. నువ్విచ్చిన క్యారేజీ తెరిచి రెండు ముద్దలు పులిహోర తిన్నాడు. ఇంట్లో అంత వంట ఉండగా నేను విస్తరి వెయ్యలేదు. ఈ రాత్రికి ఉండిపోనా అక్కా అని అడిగాడు. పెళ్ళివారు వెళ్ళాక చూద్దాంలే అనైనా అనాల్సింది. వద్దన్నాను. పెరటి వైపు నుంచే పంపించి గడియ వేసుకుని లోపలికి వచ్చాను. జీడిపప్పు పకోడీలు పట్టుకెళ్ళి పెళ్ళివారికి పెట్టాను.

నాలుగు గంటల బస్సే ఎక్కి ఉంటాడు. పులిగడ్డ దగ్గర దిగిపోయాడు.

క్యారేజీ అరుగు మీదే వదిలేశాడు. దాన్ని కడిగి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. వాడు వచ్చిన సంగతి మీ అన్నయ్యకి కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. వాక్యం పంపితే నాకెలా తెలుసని అడుగుతావు. అందుకని అబద్ధాలు పంపాను. పదీ అయిపోతే ఫైలు పోతుంది, నేను బతికిపోతాను అనుకున్నాను. నీ మాట వల్లే పోయాడని నువ్వు కుమిలిపోతూ రాసినప్పుడు కూడా పంపలేదు. నేనెంత నీచంగా ప్రవర్తించానో నాకు తెలుసు. లెక్క తప్పు చేసిన పిల్లల్ని గోడ దగ్గర నిలబెట్టే దాన్ని.

అసలు వాక్యం ఇది: పెరటి తలుపు గడియ వెయ్యలేదు మెల్లగా రా. ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా.

ఇంటర్ చదివేటప్పుడు వాడు ఆటల్లో పడి చీకటి పడ్డాక వచ్చేవాడు. నాన్నగారు వీధి గుమ్మంలో బెత్తం పట్టుకుని కూర్చునేవారు. నేను కిటికీలోంచి ఆ మాట చెప్పేదాన్ని. ఒక్కరోజు కూడా గడియ వెయ్యలేదు ప్రసన్నా, అప్పుడు.

నువ్వు కొట్టే ముందు నన్ను తలుచుకుని తిట్టు. తరవాత ఏం చేసినా నీ ఇష్టం.

సత్యవేణి

—

గుడివాడ,
2 జూన్ 2025.

వదిన గారికి,

వాక్యం సరిపోయింది. ఫైలు తెరుచుకుంది.

ముందు నా అబద్ధం చెప్తాను. మార్చిలో మీకు ఉత్తరం రాసేనాటికే నా దగ్గర ఆ ఫైలుకి కాపీ ఉంది. అసలుదాని మీద ఎప్పుడూ పరీక్షలు చెయ్యకూడదట, అది వాళ్ళ వృత్తి నియమం. భానుప్రకాష్ పెన్‌డ్రైవ్‌లో కాపీ తీసిచ్చాడు. కాపీ తీస్తే పది ప్రయత్నాలూ మళ్ళీ మొదటి నుంచి వస్తాయి. ఈ లోపం కనిపెట్టి ఆఫీసుకి రాసింది కూడా మీ తమ్ముడేనట, ఎవరూ సరిచెయ్యలేదు. కాబట్టి ఒక్కటే మిగిలింది అని రాసింది అబద్ధం. మీరు ఎక్కడ ఆగుతారో చూద్దామని రాశాను.

మీ మీద నాకు మొదటిసారి అనుమానం వచ్చింది మీరు పంపిన పేర్లూ తారీకులూ చూసి. పేర్లు పెట్టకూడదు, పుట్టినరోజులు పెట్టకూడదు అని ఆయన మీ ఇంట్లో, మీ భోజనాల బల్ల దగ్గరే, ఎన్నిసార్లు చెప్పారు. అవన్నీ వెతికి వెతికి పంపారు మీరు. ఆ తరవాత పులిహోర. క్యారేజీ కట్టానని రాశాను గానీ అందులో ఏముందో ఎవరికీ చెప్పలేదు నేను. పోలీసులకి కూడా. ఆ ఉత్తరం చదివిన రోజు అన్నం తినలేదు.

ఫైల్లో ఏముందో మీకు తెలియాలి. ఉత్తరం కాదు. ఆఫీసులో పరీక్షలకి రాసుకునే పట్టీ లాంటిదే. తేదీ, చెయ్యాల్సిన పని, ఫలితం, కారణం. కొన్ని రాస్తాను.

జూలై 9. కాఫీ తాగేటప్పుడు ప్రసన్నకి చెప్పాలి. ఫెయిల్. కారణం, నవ్వుతూ ఉంది.

జూలై 10. మళ్ళీ. ఫెయిల్. కారణం, నిన్నటిదే.

ఆగస్టు 16. వరలక్ష్మీ వ్రతం. ఫెయిల్. పట్టుచీర కట్టుకుంది.

సెప్టెంబరు 23. ఫెయిల్. మీటింగ్ ఉందనుకుని మిక్సీ వెయ్యకుండా రోట్లో పచ్చడి నూరుతోంది.

ఇలా నూట ముప్ఫై ఆరు వరసలు. ఒక్క రోజు మానలేదు. నల్ల స్క్రీన్ మీద కొడుతూ ఉండేది ఇదేనండీ. నేను పక్క గదిలోనే ఉన్నాను.

నవంబరు 20, నేను తిట్టిన రాత్రి. "ఇవాళ తిట్టింది. తిట్టి, మళ్ళీ వచ్చి పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వలిచింది. చెప్పేసేవాణ్ణే. ఫెయిల్." చిక్కుడుకాయలు వలిచిన సంగతి నాకు గుర్తే లేదు. ఆ వరస ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నా మాట వల్ల కాదని మీరు ఒట్టేసి చెప్పినప్పుడు నమ్మలేదు. ఇది నమ్ముతున్నాను.

చివరి వరస నవంబరు 21ది. పొద్దున ఐదింటికి రాశారు. "అవనిగడ్డ వెళ్ళి అక్కకి చెప్పాలి. అక్క ఉంటే ప్రసన్నకి చెప్పగలను." ఫలితం గడి ఖాళీగా ఉంది.

అందులో ఏం రాయాలో నాకు తెలియడం లేదు. చెప్పాలనుకున్నది మీకు చెప్పారు, ఆ లెక్కన పాస్ అనాలి. రాయబోయి చెయ్యి ఆగిపోయింది. మీ మీద నాకు చాలా కోపం ఉంది వదిన గారూ, పోతుందో లేదో తెలియదు. ఆ మధ్యాహ్నం ఆయనతో మాట్లాడిన ఆఖరి మనిషి మీరు. కాబట్టి ఆయన ఎలా కూర్చున్నారు, ఏమన్నారు, ఎన్ని ముద్దలు తిన్నారు, అంతా నాకు మీ నోటితో చెప్పాలి. అన్నయ్య గారి ముందే చెప్పాలి. మళ్ళీ మళ్ళీ అడుగుతాను, విసుక్కోకూడదు.

వచ్చే ఆదివారం బయల్దేరి వస్తున్నాను. క్యారేజీ అటక మీద నుంచి దింపి ఉంచండి. లాప్‌టాప్ కూడా తెస్తాను, ఆ గడిలో ఏం రాయాలో మీరే రాద్దురుగాని.

వీధి వైపు నుంచి రాను. పెరటి గడియ తీసి ఉంచండి.

ప్రసన్న